నిలబడే ఆగుతాను

శుక్రవారం పొద్దున చక్రాల కుర్చీ వచ్చింది. పరుపుల దుకాణం ముందు వ్యాను ఆపి, అన్నయ్య దాన్ని స్వయంగా దించాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు తీశాడు. పొడిగుడ్డతో చేతులు ఆనించుకునే చోటంతా తుడిచి, లోపలికి తోసుకొచ్చాడు. తోస్తుంటే అది చిన్న చప్పుడైనా చెయ్యలేదు. అంత మెత్తగా వస్తున్న వస్తువును చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఎవరికిది?" అంది, మేడమెట్ల కింద నిలబడి.

"ఎవరికేంటి, నీకే."

"నేనడిగానా?"

"నువ్వు అడిగేదాకా ఆగితే ఈ జన్మకి అడగవు. ఒకసారి కూర్చుని చూడు. బ్రేకు కూడా ఉంది."

"నాకు బ్రేకులకేం తక్కువ..." అని మొదలుపెట్టింది. తర్వాతి మాట నోటిదాకా వచ్చింది కానీ దాన్ని బయటికి నెట్టే గాలి లేకపోయింది. గొంతులో సన్నటి ఈల లేచింది. అన్నయ్య తల పంకించి, కుర్చీని గల్లా పక్కన నిలిపి, బ్రేకు వేశాడు.

గొడవ పడటానికి కూడా ఊపిరి కావాలి. ఈ ఏడాదిలో ఆమె ఓడిపోయిన గొడవలన్నీ వాక్యం మధ్యలో గాలి చాలక ఓడిపోయినవే. ఆమె ఆగిన ప్రతిసారీ అన్నయ్య దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. అలాగే ఇంట్లో పది అడుగులకొక స్టూలు వెలిసింది. అలాగే ఆమె మంచం మేడ మీది గది నుంచి కింద అన్నావదినల గది పక్కకి మారింది. ఇప్పుడిది.

ఆమెకు యాభై ఏడేళ్ళు. పద్నాలుగో ఏట దూది ఏకే మిషను ముందు నిలబడింది, నిరుడు దిగింది. ఊపిరితిత్తులు పాడయ్యాయి, పోయింది తిరిగిరాదు అని డాక్టరు చెప్పాడు. ఉన్నదానితో బతకాలంటే మందులు ఎంత అవసరమో నడక కూడా అంతే అవసరమన్నాడు. ఆయాసపడేవాళ్ళు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో సత్తువ పోతుంది, సత్తువ లేని కాళ్ళు ఇంకా ఎక్కువ గాలి అడుగుతాయి, అదొక గుంట, దిగుతూ పోతారు అని కాగితం మీద గీసి మరీ చూపించాడు. పెద్దాసుపత్రి కింది అంతస్తులో నడక క్లాసుకి పేరు రాశాడు. సోమవారం, గురువారం, ఎనిమిది వారాలు. మొత్తం మీద రెండుసార్లు మానేస్తే ఆ చోటు జాబితాలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. మళ్ళీ పిలుపు రావాలంటే నాలుగు నెలలు. ఆమె ఇప్పటికే ఒకసారి మానింది. చినుకులు పడుతున్నాయని ఆ రోజు అన్నయ్య వ్యాను తియ్యలేదు.

క్లాసంటే గది కాదు, పొడుగాటి కారిడారు. ముప్ఫై మీటర్ల దూరంలో రెండు నారింజరంగు డబ్బాలు పెట్టి ఉంటాయి. ఏడుగురు వాటి మధ్య అటూ ఇటూ నడుస్తారు. గోడ మీద సున్నా నుంచి పది దాకా అంకెలున్న అట్ట. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే ఇక ప్రాణం పోతున్నట్టు. నడక నేర్పే టీచరు పాతికేళ్ళ పిల్ల, చేతిలో గడియారం. ప్రతి రెండు చుట్లకీ ఒక్కొక్కరినీ అడుగుతుంది: "ఎంత?"

మూడు, నాలుగు దగ్గర నడవాలి. ఆరు వస్తే ఆగాలి. "ఆగండి అన్నాను, కూర్చోమనలేదు. గోడకి ఆనుకోండి, తొడల మీద చేతులు వేసుకోండి, పెదాలు సున్నాలా చుట్టి వేడి టీ ఊదినట్టు గాలి వదలండి. తగ్గాక మళ్ళీ నడవండి," అని మొదటి రోజే చెప్పింది టీచరు.

ఆమెను ఎప్పుడడిగినా చెప్పే జవాబు ఒకటే: "రెండు."

ఎందుకంటే కారిడారు పక్కన బల్ల మీద అన్నయ్య కూర్చుని ఉండేవాడు. మోకాళ్ళ మీద ఆమె చేతిసంచి, అందులో మంచినీళ్ళు, మందు పీల్చే గొట్టం, తువ్వాలు. ఆమె ఒక్కో అడుగు వేస్తుంటే ఆయన మెడ ఒక్కో అంగుళం ముందుకి వచ్చేది.

"మీ అన్నగారు మనల్ని టిక్కెట్టు కొని చూస్తున్నట్టున్నారు," అన్నాడు పక్కన నడిచే రాళ్ళ మేస్త్రి. నలభై ఏళ్ళు గ్రానైటు కోసిన మనిషి. "నా ఊపిరితిత్తుల్లో రెండు మెట్లకి సరిపడా రాయుంది. ఆయన్ని అలా చూడొద్దనండి, దిష్టి తగిలి అదీ పగిలిపోతుంది."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. నవ్వు కూడా ఖర్చే.

నిన్న, గురువారం, ఆమె రెండు అన్నప్పుడు టీచరు ఆశ్చర్యపోయింది. "అయితే మీరు చాలా నెమ్మదిగా నడుస్తున్నట్టు. వేగం పెంచుదాం." ఆమె పెంచింది. నాలుగో చుట్టులో డబ్బా దగ్గర మళ్ళుతుంటే గోడ మీది అంకెలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయాయి. నేల దగ్గరగా వచ్చింది. ఎవరో పట్టుకున్నారు. ఒంట్లో ఆక్సిజన్ కొలవడానికి వేలికి తగిలించిన క్లిప్పు ఎర్రగా మెరుస్తూ కీచుమంది. అన్నయ్య చేతిలోంచి సంచి జారి నీళ్ళసీసా కారిడారు చివరిదాకా దొర్లింది.

ఊపిరి కుదుటపడేదాకా టీచరు ఆమె వీపు మీద అరచెయ్యి ఆన్చి ఉంచింది. తర్వాత, అన్నయ్య సీసా కోసం వెళ్ళినప్పుడు, గొంతు తగ్గించి అడిగింది. "మళ్ళేటప్పుడు మీరు ఊపిరి బిగబడుతున్నారు. కష్టం వచ్చిన ప్రతిచోటా బిగబడుతున్నారు. గాలి లోపలే ఆగిపోతే కొత్త గాలికి చోటెక్కడిది? ఎవరు నేర్పారండీ ఇలా?"

ఆ సాయంత్రమే అన్నయ్య కుర్చీకి ఆర్డరిచ్చాడు. అంటే ఈ కుర్చీని తెచ్చింది తన 'రెండే'. మెట్ల కింద నిలబడి ఆ సంగతి గ్రహించేసరికి, కుర్చీ మీద వచ్చిన కోపం తన మీదికి మళ్ళింది.

"ఆ క్లాసు ఇక చాలు. సోమవారం ఫోన్ చేసి చెప్పేస్తా," అన్నాడు అన్నయ్య గల్లా వెనక నుంచి, రసీదు పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆ రోజూ మర్నాడూ ఆమె తనను తానే దొంగచాటుగా గమనించుకుంది. బిందె ఎత్తేటప్పుడు నోరు మూసుకుపోతోంది. జాకెట్టు పైహుక్కు పెట్టుకునేటప్పుడు, మంచం కింద చెప్పు కోసం వంగినప్పుడు కూడా అంతే. ఛాతీ ఒక తలుపులా మూసుకుని, ఎవరో తెరవమనేదాకా అలాగే ఉండిపోతోంది. శనివారం మధ్యాహ్నం ఇంకొకటి కనిపెట్టింది. చేతిలో ఏ పనీ లేదు, వట్టినే కూర్చుని ఉంది. దుకాణంలో అన్నయ్య దగ్గిన చప్పుడు వినపడింది, అడుగులు ఇటే వస్తున్నాయి. ఆమె ఊపిరి ఆగిపోయింది. ఆయన తొంగిచూసి, బాగానే ఉన్నావా అని అడిగి, వెళ్ళిపోయాక గానీ వదల్లేదు.

ఈల వినపడకూడదని. ఆయన భయపడకూడదని. ఎన్నేళ్ళ నుంచి ఇలా? తేలిగ్గా ఒక లెక్క వేసుకోబోయి, ఆ లెక్క పోయి ఎక్కడ ఆగుతుందో తెలిసి వదిలేసింది. కానీ అలాంటి లెక్కలు మనం వదిలినా మనల్ని వదలవు.

ఎక్కడ ఆగిందంటే మిషను ముందు. ఆమెకు పద్నాలుగు, అన్నయ్యకు ఇరవై రెండు, నాన్న పోయిన నెల. మిషను నోట్లోకి దూది గుప్పిళ్ళతో నెడితే తెల్లటి నూగు గదంతా లేచేది. అన్నయ్య పక్కన నిలబడి నేర్పాడు. "నోరు మూసుకో. నెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టు. నూగు కిందికి దిగాక వదులు. పది లెక్కపెట్టు, చాలు." తనే వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టి చూపించాడు. ఆమె సరిగ్గా చేస్తే నెత్తి మీద చెయ్యి వేసేవాడు. ఆ గదిలో వాళ్ళకున్న రక్షణ అదొక్కటే. గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టిస్తానని గోడకి చదరంగా కంత కొట్టించాడు. వానజల్లు పడుతోందని దానికి చెక్క కొట్టాడు. ఇరవై ఆరేళ్ళు ఆ చెక్క అలాగే ఉంది. డాక్టరు చీటీ చేతికొచ్చిన వారంలో ఫ్యాను వచ్చింది.

ఆదివారం వంటింట్లో వదిన బట్టలు మడతపెడుతూ ఉంది. తలగడ గలీబులు ఆరేసింది ఎక్కడో కాదు, చక్రాల కుర్చీ మీద.

"బాగా ఆరుతున్నాయి. గాలి తగిలే చోటికి తోసుకుపోవచ్చు," అంది వదిన.

"అన్నయ్య చూస్తే..."

"చూశాడు. ఏమీ అనలేదు. అనడానికి నోరుంటేగా. ఆయన మాట ఎందుకులే, గోడకి చెవి ఆనించి నీ ఊపిరికి కాపలా కాస్తున్నాడు. నువ్వు దగ్గితే లేచి కూర్చుంటాడు, దగ్గకపోతే ఇంకా గాభరాగా లేచి కూర్చుంటాడు. నా నిద్ర మాత్రం ఎవరికీ పట్టదు."

"నేనేం చెయ్యను వదినా?"

వదిన ఒక గలీబును దులిపి మడిచింది. "నీ మీద జాలిపడితే నాకు పని తప్పుతుందా? రేపు క్లాసుందా లేదా?"

"ఉంది."

"అయితే నన్నడుగుతావేంటి."

సోమవారం ఆమె ముప్పావుగంట ముందే తయారై దుకాణంలోకి వచ్చింది. అన్నయ్య అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. చెప్పులు చూశాడు, చేతిసంచి చూశాడు.

"వద్దన్నానా?"

"అన్నావు."

"పోయిన వారం నీ మొహం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. నీలంగా..." మాట మింగేశాడు. "వ్యాను తియ్యను. తాళాలు నా జేబులో ఉన్నాయి. ఎలా వెళ్తావో చూస్తాను."

"చూడు అయితే."

రెండు మాటలే కాబట్టి గాలి సరిపోయింది. ఆమె గడప దిగింది.

ఆసుపత్రికి ఆరు వందల మీటర్లు. మొదటి సగం చదును, రెండో సగం కొంచెం ఎత్తు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఎత్తని తెలియనంత ఎత్తు. సైకిలు తొక్కేవాళ్ళకీ, తోపుడుబండి వాళ్ళకీ, ఆమెలాంటి వాళ్ళకీ మాత్రమే కనిపించే ఎత్తు. రెండడుగులకి గాలి తీసుకో, నాలుగడుగులకి వదులు. ఆమె కరెంటు స్తంభాలను గుర్తు పెట్టుకుంది. మొదటి స్తంభం. రెండో స్తంభం. మూడో స్తంభం దాకా వచ్చేసరికి కాళ్ళు మూలిగాయి, ఆయాసం నాలుగు అనుకుంది. టైర్ల దుకాణం వాడు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. దాటింది.

అప్పుడు వెనక ఏదో ఉన్నట్టనిపించింది. చప్పుడు లేదు కాబట్టే అదేమిటో తెలిసిపోయింది. తిరిగి చూస్తే, పది గజాల వెనక, షర్టు చేతులు మడిచినవి మడిచినట్టే, అన్నయ్య ఖాళీ కుర్చీ తోసుకుంటూ వస్తున్నాడు. దుకాణం ఎవరికి వదిలి వచ్చాడో.

ఆమె ముందుకి తిరిగి నడిచింది.

మంగలి దుకాణం దగ్గర ఆరు వచ్చింది. గోడకి వీపు ఆనించి, తొడల మీద చేతులు వేసి, పెదాలు చుట్టి గాలి వదిలింది. మంగలి సగం గడ్డం గీసిన మనిషిని అలాగే వదిలేసి బయటికొచ్చాడు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా? కూర్చుంటారా?" ఆమె తల అడ్డంగా ఊపింది. అతను అన్నయ్య వైపు తిరిగాడు. "ఎవరికండీ కుర్చీ?"

అన్నయ్య కుర్చీని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు.

లోపలి నుంచి నురగమొహం మనిషి అరిచాడు. "ఇక్కడ సగం మొహంతో కూర్చున్నవాడు ఒకడున్నాడు, కాస్త చూసుకోండి సార్."

ఆమె మళ్ళీ కదిలింది. బస్సు స్టాపు దగ్గర బెంచీ ఖాళీగా ఉంది, నీడలో ఉంది. మోకాళ్ళు దాన్ని చూసి ఆశపడ్డాయి. బెంచీ వెనక రేకు పట్టుకుని నిలబడింది. కూర్చుంటే లేవగలదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ వెనక వస్తున్నవాడి కళ్ళలో ఒక్కసారి కూర్చున్న మనిషి ఇక లేవదు.

అన్నయ్య దగ్గరికొచ్చాడు. "ఇక చాలమ్మా. పంతం నెగ్గించుకున్నావుగా. ఎక్కు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"నిన్ను కాదు." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నన్ను చూస్తున్నారు."

ఆమె ఆయన్ని పరీక్షగా చూసింది. నలభై ఏళ్ళకు పైగా ఈ వీధిలో ప్రతి ఇంటికీ పరుపు కుట్టించి ఇచ్చిన మనిషి. చెల్లెలు వీధిలో ఆగి ఆగి ఎగశ్వాస పడుతుంటే, ఆ చప్పుడు ఆయనకు వేరే భాషలో వినపడుతోంది. ఏ గదిలో తెచ్చుకుంది ఇది, ఎవరి గది అని. ఆ చప్పుడును దాచడానికే స్టూళ్ళు, పక్క గది, ఈ మెత్తటి చక్రాలు. ప్రేమ లేదని కాదు. ప్రేమకీ భయానికీ ఒకే చెయ్యి ఉంది ఆయనకి, ఆ చేత్తోనే భుజం నొక్కి కూర్చోబెడుతున్నాడు.

"ఎంత ఇప్పుడు?" అన్నాడు. కారిడారులో విని విని ఆయనకీ అలవాటైపోయింది. "నంబరెంత?"

'రెండు' నాలుక చివరికి వచ్చింది. దానంతట అదే వచ్చింది, ఛాతీ మూసుకోవడం ఎలా వస్తుందో అలా. ఆమె దాన్ని అక్కడే ఆపి, గాలి మొత్తం బయటికి వదిలి, మళ్ళీ నింపుకుంది.

"ఆరు."

"ఆరా?"

"మెట్లెక్కితే ఆరు. స్నానం చేస్తే అయిదు. నేను రెండన్నప్పుడల్లా... అయిదో ఆరో."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"బల్ల మీద కూర్చుని వింటున్నావుగా."

బస్సొకటి వచ్చి ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది. ఆయన కుర్చీ పిడి నిమురుతూ నిలబడ్డాడు. ఆమె తొందరపడలేదు. ఊపిరికి ఊపిరికి మధ్య చోటు చూసుకుని, ఒక్కో ముక్కా చెప్పింది.

"పది లెక్కపెట్టమన్నావు. మిషను దగ్గర. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను. ఏం పని చేసినా. నువ్వు గదిలోకి వచ్చినా. ఇక పెట్టను."

ఆయన కుర్చీకి బ్రేకు వేశాడు. "అప్పుడు నాకు తెలిసింది అదొక్కటే," అన్నాడు.

"తెలుసు."

తెలుసు అంది. ఫరవాలేదు అనలేదు. ఆ మాట కోసం ఆయన ముఖం ఎదురుచూడటం ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ అడక్కముందే ఇచ్చేసిన మాట అది. ఇచ్చేస్తే ఆ నిమిషం ఇద్దరికీ హాయిగా ఉంటుంది, తర్వాత ఆమె కుర్చీలో ఉంటుంది. ఆమె రేకు వదిలేసి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది.

ఎత్తులో స్తంభాలు పనికిరాలేదు, మరీ దూరం. బడి ప్రహరీకున్న ఇనుప చువ్వలు లెక్కపెట్టి, ఇరవై చువ్వలకొకసారి ఆగింది. గాలి వదిలేటప్పుడు గొంతులో ఈల, ఛాతీలో గరగర, బయటికే వినపడుతున్నాయి. లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. ఒక పిల్ల కిటికీలోంచి చూసి పక్కదాన్ని పొడిచింది. ఆమె ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూనే నింపాదిగా ఇంకో ఊపిరి వదిలింది. వెనక కాలిబాట అంచు మీదికి కుర్చీ ఎక్కించే ప్రయత్నంలో అన్నయ్య ఊపిరి టక్కున ఆగడం వినపడింది. ఆ తర్వాత దగ్గు. ఆమె చెవికి అది చాలా బాగా తెలిసిన ఆగడం.

"వదులు అన్నయ్యా," అంది వెనక్కి తిరక్కుండానే. "తోసేటప్పుడు బయటికి వదలాలి."

ఆసుపత్రి గుమ్మం చేరేసరికి క్లాసు మొదలై పావుగంట అయింది. అన్నయ్య మొహం చెమటతో మెరుస్తోంది. కుర్చీతో పాటు లోపలికి అడుగు పెట్టబోయాడు.

"నువ్విక్కడే ఉండు," అంది ఆమె.

"సంచి..."

"సంచి నా దగ్గరే ఉంది."

"మళ్ళీ పోయిన వారంలా అయితే?"

"టీచరుంది. మందుంది." ఒక ఊపిరి తీసుకుంది. "నువ్వుంటే నాకు అబద్ధం వస్తుంది."

ఆయన తలుపు ఇవతలే ఆగిపోయాడు.

కారిడారులో ఆరుగురూ మూడో చుట్టులో ఉన్నారు. టీచరు గడియారం చూసి, ఆమెను చూసి, హాజరు కాగితం మీద పెన్ను పెట్టి ఆగింది. "ఈ రోజు రారనుకున్నాను. మీ అన్నగారు..."

"ఫోన్ చేశాడా?"

"పొద్దున్నే. పేరు తీసేయమన్నారు."

"ఆ పేరు నాది. తియ్యమనాలంటే నేనే అంటాను." గోడకి ఆనుకుని, తగ్గేదాకా వదిలింది. క్లిప్పు వేలికి తగిలించుకుని టీచరు సరే అనేదాకా కాచుకుంది. తర్వాత అంది: "నేను చెప్పిన రెండ్లన్నీ కొట్టెయ్యండి. అవి ఆరులు."

టీచరు కాగితం మీద వరసగా నాలుగు చోట్ల గీతలు కొట్టింది. "అయితే మీరు వేగం బాగా తగ్గించాలి. ఇక్కడున్న అందరికంటే."

"తగ్గిస్తాను."

"అందరూ మిమ్మల్ని దాటిపోతారు. ఫరవాలేదా?"

"దాటనివ్వండి."

రాళ్ళ మేస్త్రి పక్కనుంచి పోతూ, వేగం తగ్గించకుండానే, "రండి రండి, ఇన్నాళ్ళూ వెనకపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. తోడు లేక విసుగొచ్చింది," అన్నాడు.

"మీకంటే వెనకే ఉంటానులెండి. కంగారుపడకండి."

ఆమె చిట్టచివర నడిచింది. ఒక్కొక్కరే దాటిపోయారు. డబ్బా దగ్గర మళ్ళేటప్పుడు ఛాతీ అలవాటు ప్రకారం మూసుకోబోయింది. ఆమె పెదాలు చుట్టి దాన్ని బలవంతంగా తెరిచింది. ఈల కారిడారంతా పాకి, తలుపుల దాకా పోయింది. తగ్గించడానికి ప్రయత్నించలేదు. ఎవరు వింటే వాళ్ళు వింటారు.

"ఎంత?" అంది టీచరు.

"నాలుగు," అంది ఆమె, నడుస్తూనే.